కరగని కాగితం, నిండని ట్యాంకు

తూర్పుతీర విహార సంస్థ వారు ఇల్లూ బండీ ఒకటే అయిన వాహనం ఒకటి కొన్నారు. అందులో పడుకోవచ్చు, వండుకోవచ్చు, స్నానం చేయవచ్చు, ఇంకొకటి కూడా చేయవచ్చు. ఆ ఇంకొకటి చేస్తే తరవాత ఏమవుతుందన్న ప్రశ్న కొనేముందు ఎవరికీ తట్టలేదు. బండి విశాఖపట్నంలోని ఆఫీసు ఆవరణలోకి వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. ఎం.డి. గారు లోపలికి వెళ్ళి పరుపు మీద కూర్చుని ఫొటో దిగి, పక్కనున్న చిన్న తలుపు తెరిచి చూశారు. అప్పుడు తట్టింది.

"ఇదంతా ఎక్కడికి పోతుందయ్యా?" అని అడిగారు.

ఎక్కడికీ పోదనీ, బండి అడుగున ఒక ట్యాంకు ఉంటుందనీ, అంతా అందులో చేరి బండితోపాటే ఊళ్ళు తిరుగుతుందనీ డిప్యూటీ మేనేజరు పరాంకుశం మనవి చేశాడు. ఎం.డి. గారు ఆ చిన్న గదిలోంచి ఒక్కంగలో బయటపడ్డారు.

"అయితే దీనికొక బాధ్యతాయుతమైన అధికారి ఉండాలి" అన్నారు.

ప్రశ్నకు జవాబు చెప్పినవాడే బాధ్యతాయుతమైన అధికారి కావడం ఆ సంస్థలో ఆచారం. అందుకే అక్కడ సాధారణంగా ఎవరూ జవాబు చెప్పరు. పరాంకుశం ఇన్నేళ్ళ సర్వీసులో ఆ జాగ్రత్త తప్పకుండా పాటించినవాడే. కొత్త బండి చూసిన సంబరంలో నోరు జారాడు. సాయంత్రానికల్లా అతను 'వాహనాంతర్గత వ్యర్థ నిర్వహణాధికారి' అయిపోయాడు. ఇంటికి వెళ్ళి ఆ పదవి పేరు భార్యకు ఎలా చెప్పాలా అని బస్సులో చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఆమెకు బండి సంగతి చెప్పాడు గాని ట్యాంకు సంగతి చెప్పలేదు.

పరాంకుశం ఉద్యోగం కరపత్రాలు రాయడం. మేఘాలు చేతికందుతాయని రాస్తాడు, సెలయేళ్ళు స్వాగతం పలుకుతాయని రాస్తాడు. రాసేవాడు ఆ చోట్లకి వెళ్ళి చూడాలన్న నిబంధన లేదు కనక వెళ్ళడు. అరకులోయ మీద అతను రాసింది అచ్చయి ఎన్ని వేలమంది చేతుల్లోకి వెళ్ళిందో లెక్కలేదు. విశాఖపట్నంలో కాపురం పెట్టిన నాటినుంచీ భార్య వకుళ అరకు చూడాలని అడుగుతూనే ఉంది. అరకేమో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం. "పర్యాటక సంస్థలో పనిచేస్తూ టిక్కెట్టు కొనుక్కుని వెళితే నవ్వరూ? ఆఫీసు తరఫునే వెళదాం" అనేవాడు. ఆఫీసు తరఫున ఎవరెవరో వెళ్ళారు. అతని వంతు మాత్రం రాలేదు.

ఇప్పుడు వచ్చింది. విదేశీ అతిథులకు ఇచ్చేముందు బాధ్యతాయుతమైన అధికారి కుటుంబ సమేతంగా బండిలో ప్రయాణించి చూడాలని ఎం.డి. గారే అన్నారు.

"ఈసారి ఖాయమేనా?" అని వకుళ అడిగింది.

"ఖాయం. ఆర్డరు కూడా వేస్తున్నారు."

"ఆర్డరు సరే, మనం వెళతామా అని."

"ఆర్డరు వేశాక వెళ్ళకపోతే ఎలా కుదురుతుంది వకుళా?" అన్నాడు పరాంకుశం. ఆ మాట నమ్మే అన్నాడు, పాపం.

బండితోపాటు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఇంజను గురించి అందులో రెండు మాటలే ఉన్నాయి, ట్యాంకు గురించి మాత్రం ఒక పురాణమంత ఉంది. పరాంకుశం దాన్ని భక్తిగా చదివాడు. తేలింది ఏమిటంటే, ఆ చిన్న గదిలో తుడుచుకోవడానికి వాడే కాగితం నీళ్ళలో పడగానే కరిగిపోయే రకం కావాలి. కరగకపోతే లోపల అతుక్కుపోయి ట్యాంకు పని పడుతుంది. అలాగే బయలుదేరే ముందు ఖాళీ ట్యాంకులో కాసిని నీళ్ళు పోసి ఉంచాలి. ఈ రెండూ పాటిస్తే ఇక బాధ లేదు.

పాటించడానికి ముందుగా కాగితం కొనాలి. కొనాలంటే స్టోర్సు అధికారి కోదండపాణి ఉన్నాడు.

కోదండపాణి మంచివాడు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగడు. ఆయనకు రూలు తప్ప వేరే వ్యసనం లేదు. టెండరు పిలిచాడు, మూడు కంపెనీలు నమూనాలు పంపాయి, కాన్ఫరెన్సు హాల్లో ఎంపిక కమిటీ కూర్చుంది. ఎం.డి. గారు, కోదండపాణి, పరాంకుశం, వారి ముందు మూడు గాజు గ్లాసుల్లో నీళ్ళు.

"పరీక్షకు ముందు ఒక సందేహం" అన్నారు ఎం.డి. గారు. "ఈ పదార్థం వాడకంలో మన సభ్యులకు అనుభవం ఉన్నదా?"

కోదండపాణి ఫ్యాను వైపు చూశాడు. పరాంకుశం గ్లాసుల వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళెవరికీ చెంబు తప్ప వేరే గతి తెలియదు. ఆ మాట పైకి చెబితే అంతర్జాతీయ ప్రమాణాలకు భంగం.

"నేనొకసారి సింగపూరు వెళ్ళినప్పుడు..." అని ఎం.డి. గారు మొదలుపెట్టి, ఏదో గుర్తొచ్చి ఆగిపోయారు. "సరే, అది అప్రస్తుతం. కానివ్వండి."

మొదటి గ్లాసులో మొదటి కాగితం వేశారు. అది నీళ్ళు తగలగానే విచ్చిపోయి, చెంచాతో ఒక్కసారి తిప్పేసరికి కనబడకుండా పోయింది. పరాంకుశం ముఖం వెలిగిపోయింది.

"ఇదే సార్! పుస్తకంలో రాసింది ఇదే!"

"నమూనా ఏదీ?" అన్నాడు కోదండపాణి.

"కరిగిపోయింది కదండీ. అదే దాని గొప్ప."

"గొప్ప సంగతి తరవాత. నమూనా ఏదీ అంటున్నా." కోదండపాణి కళ్ళజోడు సర్దుకుని స్టోర్సు మాన్యువల్ తెరిచి చదివాడు. "'పరీక్షకు స్వీకరించిన ప్రతి నమూనానూ పరీక్షానంతరం యథాతథంగా సరఫరాదారుకు తిరిగి అప్పగించవలెను. అప్పగింపబడజాలని నమూనా తిరస్కరింపబడినదిగా భావింపవలెను.' ఇప్పుడు నేనేం అప్పగించాలి? గ్లాసా?"

ఆ రూలు కుర్చీలూ, దుప్పట్లూ, పడవల తెడ్లూ కొనే రోజుల్లో రాసింది. నమూనా కుర్చీలు ఇళ్ళకు చేరకుండా ఎవరో బుద్ధిమంతుడు పెట్టాడు. కాగితానికి అది వర్తించదని రూలులో లేదు. లేదంటే వర్తిస్తుందన్నమాటే.

రెండోది సగం కరిగింది. సగమే తిరిగి ఇవ్వగలం కనక అదీ పోయింది. మూడో కాగితం గ్లాసులో రాయిలా కూర్చుంది. తిప్పారు, పిండారు, మళ్ళీ ముంచారు. దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. వరండాలో తాడు కట్టి, క్లిప్పు పెట్టి ఆరేశారు. ఆరాక అటెండరు చేత ఇస్త్రీ చేయించి, కవర్లో పెట్టి, లక్క సీలు వేసి కోదండపాణి గర్వంగా అందరికీ చూపించాడు.

"యథాతథం!" అన్నారు ఎం.డి. గారు. "మన సంస్థకు కావలసింది ఈ పటిష్ఠతే."

"సార్, పుస్తకంలో కరగాలని..." అని పరాంకుశం నసిగాడు.

"మిస్టర్ పరాంకుశం, మీకు అభ్యంతరం ఉంటే విధ్యుక్తంగా నమోదు చేయవచ్చును. అయితే మళ్ళీ టెండరు, మళ్ళీ కమిటీ. మీ పరీక్షా ప్రయాణం వచ్చే ఏడాదికి వాయిదా పడవచ్చును. ఆలోచించుకోండి."

పరాంకుశం ఆలోచించుకున్నాడు. ఇంట్లో వకుళ అప్పటికే పెట్టె దింపి దులిపింది. అతను సంతకం పెట్టాడు. పెడుతుంటే తన మీద తనకే కొంచెం అసహ్యం వేసింది గాని, కొంచెమే.

ఇక ట్యాంకులో ముందుగా నీళ్ళు పోయడం. దానికీ కోదండపాణి ఒప్పుకోలేదు. "ట్యాంకు ఖాళీగా స్వాధీనపరుచుకున్నాం. ఖాళీగానే బయలుదేరాలి. ముందే పోసి ఉంచితే రేపు అందులో సంస్థ వాటా ఎంత, ప్రయాణికుల వాటా ఎంత అని ఎవరైనా అడిగితే విడదీసి చూపిస్తారా మీరు?" అన్నాడు. ఆ విడదీసే పని ఊహించుకుని పరాంకుశం నోరు మూసుకున్నాడు.

బయలుదేరే రోజు ఇంటి ముందుకు వచ్చిన బండిలో మరో కాగితం అంటించి ఉంది. నీళ్ళు వాడినచో కాగితం పనితీరు తేలదు కనక అంతర్జాతీయ ప్రమాణాల దృష్ట్యా మగ్గు తొలగించడమైనదని దాని సారాంశం. వకుళ అది చదివి భర్త వైపు చూసింది. ఇంట్లోకి వెళ్ళి, రాగి చెంబు ఒకటి చీరల మధ్య పెట్టుకుని వచ్చింది.

"అది నిషేధం వకుళా" అన్నాడతను గుసగుసగా.

"మీ నిషేధం మీరు చూసుకోండి. నేను నా చెంబు చూసుకుంటాను."

బండి కదిలింది. డ్రైవరు పైడయ్య విజయనగరం వైపువాడు, స్టీరింగు పట్టుకుంటే నోరు ఊరుకోదు.

"నాకేటి బాబూ, దారంట తుప్పలున్నాయి. ఆ డబ్బా గదిలోకి నానెందుకెల్తాను? బండి తోలినోడు ఆ బండిలోనే కూకుంటే ఇంజనుకి అపసారం."

"కమిటీకి వాడకం చూపించాలి పైడయ్యా. అందరూ సహకరించాలి."

"సహకారం రమ్మంటే వచ్చేస్తాదేటి బాబూ?"

అందుచేత వాడకమంతా పరాంకుశం మీదే పడింది. ఆరోగ్యవంతుడు ఎంత బాధ్యతాయుతుడైనా దానికో మితి ఉంటుంది. కాగితం పనితీరు తేలాలి కనక అతను పని ఉన్నా లేకపోయినా గదిలోకి వెళ్ళి, ఎం.డి. గారు సూచించిన మోతాదులో కాగితం చింపి ట్యాంకులోకి వదిలి, బయటికి వచ్చి టైము రాసుకున్నాడు. చింపడమే కష్టమైంది. చివరికి వంటింటి కత్తెర తీసుకుపోయాడు. చుట్టలో మిగిలిన కాగితాన్ని వకుళ పెసరట్టు పెనం తుడవడానికి వాడి, కడిగి ఆరేసి మళ్ళీ వాడింది, పైడయ్య తలకు చుట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే అంత మంచి గుడ్డ ఆ సంస్థ ఎప్పుడూ కొనలేదు.

శృంగవరపుకోట దాటి ఘాటు రోడ్డు ఎక్కుతుంటే గాలి చల్లబడింది. వకుళ కిటికీ అద్దం జరిపి చెయ్యి బయట పెట్టింది. ముఖంలో పెళ్ళినాటి కళ కనిపించింది పరాంకుశానికి. ఇన్నేళ్ళూ ఈ పాటి సంతోషం ఎందుకు ఇవ్వలేకపోయానా అని నిజంగానే బాధపడ్డాడు.

"అదేనా అరకు?" అంది వకుళ.

"ఇంకా కాదు. అనంతగిరి. ఆ కొండ వెనకాల లోయ."

"ఎంతసేపట్లో?"

అతను చెప్పేలోగా ముందునుంచి పైడయ్య కేక వేశాడు. "బాబూ! ఎర్రలైటు ఎలిగిపోనాది!"

ట్యాంకు ఎంత నిండిందో చూపే మీటరు అది. ఆకుపచ్చ అంటే ఖాళీ, పసుపు అంటే సగం, ఎరుపు అంటే నిండింది. లోపలి గోడకు ఉన్న ఇనపమేకులకు తడి తగిలితే ఇక్కడ లైటు వెలుగుతుంది. నీళ్ళు పోయని ట్యాంకులో కరగని కాగితం తడిసి, ఆ మేకులకు శాలువా కప్పినట్టు అంటుకుంది. లోపల పట్టుమని రెండు చెంబుల సరుకు లేదు. మీటరు మాత్రం నిండిందంటోంది.

పరాంకుశం కోదండపాణికి ఫోను చేశాడు.

"ఎరుపు వెలిగిన తరవాత వాహనం ముందుకు కదలరాదు. దగ్గరలోని ట్యాంకు ఖాళీ చేసే కేంద్రానికి రావలెను" అన్నాడు కోదండపాణి.

"దగ్గరలోది ఎక్కడుందండీ?"

"ఒక్కటేగా కట్టించాం. ఆఫీసు వెనకాల."

"అరకు ఇక్కడికి దగ్గరండీ. ఒక్క పూట చూసి వెంటనే..."

"దారిలో ఏదైనా పొర్లితే మీ సంతకమా, నా సంతకమా?"

ఫోను పెట్టేసి భార్య వైపు తిరగడానికి పరాంకుశానికి ధైర్యం చాలలేదు. ముందుసీటు వైపే చూస్తూ "వెనక్కి తిప్పు పైడయ్యా" అన్నాడు.

వకుళ చెయ్యి లోపలికి తీసుకుని కిటికీ అద్దం మూసేసింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు అతను.

ఆఫీసు వెనకాల ఖాళీ కేంద్రానికి బంతిపూల దండ కట్టి ఉంది. మొదటి ఖాళీ కనక ఎం.డి. గారు స్వయంగా వచ్చి మూత తిప్పారు. గొట్టంలోంచి గొణుగుతున్నట్టు చప్పుడు వచ్చి, చెంబెడు నీళ్ళు పడి ఆగిపోయాయి. అందరూ ఇంకా వస్తుందేమోనని వేచి చూశారు. రాలేదు. మీటరు చూస్తే ఎర్రగానే ఉంది.

అక్కడికక్కడే కమిటీ కూర్చుంది. వకుళ బండి మెట్ల మీద కూర్చుని వింటోంది.

"ట్యాంకు ఖాళీగా ఉంది సార్" అన్నాడు పరాంకుశం.

"ఆధారం?"

"టార్చి వేసి చూశాను సార్. కనిపిస్తోంది."

"మీటరుకు కంపెనీవారి సర్టిఫికెట్టు ఉన్నది" అన్నాడు కోదండపాణి. "మీ కంటికి ఉన్నదా?"

మెట్ల మీంచి వకుళ అంది, "ఆ కాగితం లోపల అతుక్కుందండీ. పెనం తుడిస్తే నాకే తెలిసింది, అది చచ్చినా కరగదు. కర్రపెట్టి లాగేస్తే సరిపోతుంది."

అందరికీ ఆ మాట నిజమని తెలిసింది. నిజమని తెలిసినవెంటనే అందరూ కంగారుపడ్డారు. ఎం.డి. గారు గొంతు సవరించుకున్నారు.

"సమస్య కాగితమే అని మనం నమోదు చేస్తే, కాగితం ఎంపిక చేసినదెవరు అన్న ప్రశ్న ఉత్పన్నమవుతుంది."

ఎంపిక తీర్మానం మీద ముగ్గురి సంతకాలూ ఉన్నాయి.

"కనుక," అన్నారు ఎం.డి. గారు, "ట్యాంకు నిండియే ఉన్నది. అయితే అందలి పదార్థము ప్రస్తుతం వెలుపలికి వచ్చుటకు సుముఖంగా లేదు. సుముఖత ఏర్పడువరకు వాహనం ఆవరణ దాటరాదు. బాధ్యతాయుతమైన అధికారి వాహనంలోనే ఉండి పరిస్థితిని పర్యవేక్షించవలెను."

కోదండపాణి సంతకం పెట్టి పెన్ను పరాంకుశానికి ఇచ్చాడు. వకుళ అతన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, ఆశ ఉంది. ఖాళీ ట్యాంకును ఖాళీ అంటే చాలు, తెల్లారి ఇద్దరూ అరకు వెళ్ళవచ్చు. మహా అయితే ఒక మెమో వస్తుంది. ఆ సంగతి పరాంకుశానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెన్ను అందుకుని, ట్యాంకు నిండి ఉన్నదని సంతకం పెట్టాడు.

ఆ తరవాత వాళ్ళ కాపురం ఆఫీసు ఆవరణలో సాగింది. ఎర్రలైటు వెలుగుతోంది కనక బండిలోని గదికి సీలు వేశారు. పర్యవేక్షకుడు తన అవసరాలకు ఆఫీసు వెనకనున్న పాత గదికి వెళ్ళివచ్చేవాడు. అక్కడ బకెట్టూ మగ్గూ ఉన్నాయి, ప్రాణానికి సుఖంగా ఉండేది. వకుళ పొద్దున్నే కిటికీ తెరిస్తే సైకిలు స్టాండు, దాని పక్కన క్యాంటీను పొగ కనిపించేవి.

ఒకరోజు ఆమె పెట్టె సర్దుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు.

"అరకు."

"ఎవరితో?"

"రైలుతో. టిక్కెట్టు కొనుక్కుంటే మనిషిని ఎక్కించుకుంటారట." చెప్పులు వేసుకుని ఆగింది. "మీరూ రండి."

"లైటు ఆకుపచ్చగా మారితే వెంటనే వచ్చేస్తాను."

"కర్ర ఇక్కడే పెట్టాను. ఆ మూల." ఆమె చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

పరాంకుశం ఆ కర్రను చాలాసార్లు చూశాడు. ఒకసారి చేతిలోకి కూడా తీసుకున్నాడు. లోపలికి పెట్టి లాగితే లైటు మారుతుంది. మారితే నిండిన ట్యాంకు ఎవరూ ఖాళీ చేయకుండా ఎలా ఖాళీ అయిందని అడుగుతారు. దానికి జవాబు చెప్పాలి. జవాబు చెప్పినవాడి గతి ఏమిటో అతనికంటే తెలిసినవాడు ఎవరు? కర్ర మళ్ళీ మూలన పెట్టేశాడు.

ఇంతలో సంవత్సరాంత సమావేశం వచ్చింది. సంస్థ ఆస్తుల్లో ఏది ఎంత వినియోగంలో ఉందో లెక్కలు తీశారు. పడవలు సగం ఖాళీ, కాటేజీలు ముప్పాతిక ఖాళీ. ఒక్క బండి ట్యాంకు మాత్రం ఏ రోజు చూసినా నిండుగా ఉంది. వినియోగం నూటికి నూరుపాళ్ళు. పైవారు మెచ్చుకున్నారు. ఇంకా పది బండ్లు కొనమన్నారు, కాగితం కూడా ఇదే రకం ఉండాలన్నారు. పరాంకుశం జనరల్ మేనేజరు అయ్యాడు. తెల్లజుట్టు వచ్చేదాకా ఎదురుచూసిన కుర్చీ అది. కళ్ళు చెమ్మగిల్లాయి.

వెంటనే బండిలోకి వచ్చి వకుళకు ఫోను చేశాడు. అరకు నచ్చిందని ఆమె అక్కడ తెలిసినవాళ్ళింట్లో గది తీసుకుని ఉండిపోయింది.

"జనరల్ మేనేజరునయ్యాను వకుళా!"

"సంతోషమండీ." నిజంగానే సంతోషించింది. వెనకనుంచి గాలి హోరు వినిపిస్తోంది. "అయితే ఇప్పుడు మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరుగా. రేపటి రైలుకు వచ్చేయండి. వలిసపూలు విరగబూశాయి. ఇంకో వారం ఉంటాయేమో."

"ఎలా వస్తాను? ఇప్పుడు బాధ్యత ఇంకా పెరిగింది. రేపు పైవాళ్ళు ట్యాంకు చూడడానికి వస్తామన్నారు."

"ఏం చూస్తారండీ? అది ఖాళీ కదా!"

పరాంకుశం ఉలిక్కిపడి, కిటికీలోంచి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఖాళీ అనకు వకుళా. ఫోన్లో ఎవరైనా వింటారు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. మళ్ళీ చేద్దామా అనుకుని, తరవాత చేద్దామనుకున్నాడు. ముందుసీటు దగ్గరికి వెళ్ళి మీటరు మీదికి వంగి చూశాడు. ఎరుపు అలాగే వెలుగుతోంది. హమ్మయ్య అనుకుని, కొత్త కోటు వేసుకుని ఆఫీసులోకి వెళ్ళాడు.